పరిణత ప్రేక్షకులకు కొరియన్ డ్రామా: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా చూడాలి

నలభై దాటినవారికో, మంచి సాహిత్యం చదివే అలవాటున్నవారికో కొరియన్ డ్రామా చూడమని చెబితే ‘అవి కాలేజీ పిల్లలు చూసేవి కదా’ అనే జవాబే ఎక్కువగా వస్తుంది. అలా అనుకోవడానికి కారణం లేకపోలేదు. ఓటీటీ తెరవగానే ముందు వరుసలో కనిపించేవి కోటీశ్వరుడి కొడుకు, పేదింటి అమ్మాయి, వానలో గొడుగు ఉన్న ప్రేమకథలే. అవి కాకపోతే 2021లో ప్రపంచమంతా చూసిన ‘స్క్విడ్ గేమ్’ లాంటి రక్తపాతం. ఈ రెండూ కాని కథలు అక్కడ చాలా ఉన్నాయి. ఉద్యోగంలో అవమానం, అన్నదమ్ముల కష్టాలు, మతిమరుపు కమ్ముకుంటున్న తల్లి, పాతికేళ్ల కిందటి నేరం, దేశాన్ని పోగొట్టుకున్న తరం. వీటి గురించి కొరియా టీవీ రాసినంత ఓపికగా ఈ కాలంలో ఇంకెవరూ రాయడం లేదని నా గట్టి నమ్మకం.

ఈ మార్గదర్శి ఆ కథల కోసం. పాతిక పేర్లు ఒకేసారి చేతికిస్తే ఎవరూ చూడలేరు. ఏది ముందు, ఏది తర్వాత, ఏది ఎలా చూడాలి అన్నదే అసలు విషయం.

1. ముందు ఈ కథల రూపం తెలుసుకోండి

మన డైలీ సీరియల్‌లా కొరియన్ డ్రామా ఏళ్ల తరబడి సాగదు. సాధారణంగా 16 ఎపిసోడ్లు, ఒక్కొక్కటి గంట నుంచి గంటంబావు. కథ మొదలవుతుంది, ముగుస్తుంది. రెండో సీజన్ ఉండటం తక్కువ. టీవీలో వారానికి రెండు రాత్రుల చొప్పున ఎనిమిది వారాలు వస్తుంది. మొత్తం మీద ఒక డ్రామాకు మీరు ఇచ్చేది సుమారు 18 నుంచి 20 గంటలు. దీని అర్థం, సినిమాలా రెండున్నర గంటల్లో విషయం తేల్చే తొందర రచయితకు ఉండదు. మొదటి ఎపిసోడ్‌లో వెనక కుర్చీలో కూర్చున్న గుమాస్తా పదో ఎపిసోడ్‌లో కథను మలుపు తిప్పవచ్చు. అందుకే చిన్న పాత్రల మీద కూడా ఒక కన్నేసి ఉంచండి.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇది: చాలా డ్రామాల్లో పదహారు ఎపిసోడ్లనూ మొదటి నుంచి చివరిదాకా ఒకే రచయిత రాస్తారు. అమెరికన్ సిరీస్‌లకు ఉన్నట్టు పదిమంది కలిసి కూర్చుని రాసే పద్ధతి అక్కడ సాధారణం కాదు. ఆ రచయితల్లో ఎక్కువమంది స్త్రీలు. కొరియా ప్రేక్షకులు ‘ఫలానా రచయిత కొత్త డ్రామా వస్తోంది’ అని ఎదురుచూస్తారు. పోస్టరు మీద ఏ తార ముఖం ఉన్నా సరే, ఒక డ్రామా మీకు నచ్చినప్పుడు గుర్తుపెట్టుకోవలసింది రాసినవారి పేరు. తారను నమ్ముకుని ఎంచుకుంటే సగం సార్లు నిరాశే మిగులుతుంది. రచయితను నమ్ముకుంటే అలా జరగడం అరుదు.

ఛానల్ పేరు కూడా కొంత దారి చూపిస్తుంది. కేబీఎస్, ఎంబీసీ, ఎస్‌బీఎస్ పాత ఛానళ్లు. 2006లో మొదలైన టీవీఎన్, 2011లో మొదలైన జేటీబీసీ కేబుల్ ఛానళ్లు. ఈ రెండూ నిలదొక్కుకున్నాక పెద్దల కథలకు చోటు పెరిగింది. కింద చెప్పబోయే వాటిలో ఎక్కువ భాగం వీటిలో వచ్చినవే.

2. మాటలు కొరియన్‌లోనే వినండి

కొన్ని డ్రామాలకు తెలుగు డబ్బింగ్ దొరుకుతోంది. అక్షరాలు వేగంగా చదవలేని పెద్దవారితో కలిసి చూస్తున్నప్పుడు అది ఉపయోగమే. కానీ మీకు సబ్‌టైటిల్స్ చదవడం ఇబ్బంది కాకపోతే అసలు కొరియన్ గొంతులే వినండి. ఈ డ్రామాల్లో నటన సగం గొంతులోనే ఉంటుంది. ‘మై మిస్టర్’ అనే డ్రామాలో కథానాయకుడు లీ సన్-గ్యున్ లోతైన గొంతుతో పలికే చిన్న చిన్న మాటలు, వాటి మధ్య నిట్టూర్పులు మరొకరి గొంతులోకి మార్చితే పాత్రే మారిపోతుంది.

తెలుగువారికి ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. కొరియన్‌లో కూడా మనలాగే మర్యాదను బట్టి క్రియ మారుతుంది. చిన్నా పెద్దా తేడా ప్రతి వాక్యం చివర వినిపిస్తుంది. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌లో ఇదంతా ఒకే ఒక్క మాటగా చదునైపోతుంది. పై అధికారి కింది ఉద్యోగిని హఠాత్తుగా ఏకవచనంలోకి దించినప్పుడు, ఇన్నాళ్లూ గౌరవంగా మాట్లాడిన తమ్ముడు ఒక్కసారిగా మర్యాద వదిలేసినప్పుడు చుట్టూ ఉన్నవారి ముఖాలు చూడండి. అక్కడ ఏదో తెగిందని మనకు వెంటనే అర్థమవుతుంది. బయటివారిని కూడా అన్నా, అక్కా, అత్తా అని వరుస కలిపి పిలవడం మనకు కొత్త కాదు కాబట్టి ఆ పిలుపులు మారినప్పుడు బంధం మారిందని కూడా పట్టేస్తాం.

రెండు చిన్న వివరాలు. ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత వస్తుంది. కిమ్, లీ, పార్క్ అనే మూడు ఇంటిపేర్లే చాలామందివి కాబట్టి మొదట్లో తికమక తప్పదు. పాత్రలను వారి హోదాతో గుర్తుపెట్టుకుంటే సులభం, ఆఫీసుల్లో వాళ్లు పిలుచుకునేది కూడా అలాగే. ఇక వయసు: 2023 జూన్‌లో చట్టం మారేదాకా కొరియన్లు వయసును మన లెక్క కంటే ఒకటి రెండేళ్లు ఎక్కువగా చెప్పేవారు.

3. మొదటి డ్రామాగా ఒక్కటే ఎంచుకోండి

నా దృష్టిలో కొరియా టీవీ శిఖరం ‘మై మిస్టర్’. అయినా దాన్ని మొదట చూడవద్దు. దాని నిదానం, చీకటి కొత్తవారిని రెండో ఎపిసోడ్‌లోనే వెనక్కి పంపేస్తాయి. ముందు ఈ మూడిటిలో మీ అభిరుచికి దగ్గరైనది తీసుకోండి.

నేరపరిశోధన నవలలు ఇష్టమైతే ‘సీక్రెట్ ఫారెస్ట్’ (2017). నెట్‌ఫ్లిక్స్‌లో దీని పేరు ‘స్ట్రేంజర్’. హ్వాంగ్ షి-మోక్ ఒక ప్రాసిక్యూటర్. చిన్నతనంలో మెదడుకు జరిగిన శస్త్రచికిత్స వల్ల అతనిలో భావోద్వేగాలు దాదాపు లేకుండా పోయాయి. ప్రాసిక్యూటర్లకు విందులూ లంచాలూ సమకూర్చే ఒక వ్యాపారి హత్యకు గురవుతాడు. అక్కడి నుంచి కథ సొంత కార్యాలయంలోకే తిరుగుతుంది. చో సుంగ్-వూ ముఖంలో కండరం కదలకుండా నటిస్తాడు. అతనికి తోడుగా పోలీసు అధికారిణి హాన్ యో-జిన్‌గా బే దూ-నా మానవత్వం అంతా తానై నిలుస్తుంది. ఇద్దరి మధ్య ప్రేమకథ లేదు. ఒకరి మీద ఒకరికి గౌరవం మాత్రమే ఉంది, అది చాలు. ఈ డ్రామా వచ్చిన రోజుల్లో కొరియాలో ప్రాసిక్యూటర్లు మన పబ్లిక్ ప్రాసిక్యూటర్లలా కోర్టులో వాదించడంతో ఆగేవారు కాదు. వాళ్లే దర్యాప్తు జరిపేవారు, ఎవరి మీద కేసు పెట్టాలో వాళ్లే నిర్ణయించేవారు. ఆ అధికారం ఎంత పెద్దదో తెలిస్తేనే ఈ కథలోని అవినీతి బరువు తెలుస్తుంది. ఇది రచయిత లీ సూ-యన్ మొదటి డ్రామా అంటే నమ్మడం కష్టం. పాత్రలు ఎక్కువ కాబట్టి మొదటి మూడు ఎపిసోడ్లు ఫోను పక్కన పెట్టి చూడండి.

ఉద్యోగ జీవితం గడిపినవారైతే ‘మిసాంగ్’ (2014). యూన్ తే-హో గీసిన వెబ్‌టూన్ (ఇంటర్నెట్‌లో వచ్చే బొమ్మల కథ) ఆధారంగా తీసిన 20 ఎపిసోడ్ల డ్రామా. జాంగ్ గురే చిన్నప్పటి నుంచి బదుక్ అనే పలక ఆటలో వృత్తి ఆటగాడు కావాలని శ్రమించి ఓడిపోతాడు. డిగ్రీ లేదు, ఇంగ్లీషు రాదు, అనుభవం లేదు. తెలిసినవారి సిఫారసుతో ఒక పెద్ద ఎగుమతి దిగుమతి కంపెనీలో ఇంటర్న్‌గా చేరతాడు. ఇందులో దుర్మార్గుడైన యజమాని లేడు, అద్భుతమైన గెలుపు కూడా లేదు. ఫైళ్ల పేర్లు సరిగ్గా సర్దడం, ఫొటోకాపీ యంత్రం దగ్గర నిలబడటం, పై అధికారి తాగిన తర్వాత ఇంటికి చేర్చడం, ఒక కాంట్రాక్టు కోసం నెలలు పనిచేసి పేరు మరొకరికి పోవడం. వీటినే ఇంత ఉత్కంఠగా తీయవచ్చని ఇది చూశాకే తెలుస్తుంది. కంటి నిండా ఎర్రజీరలతో తిరిగే టీమ్ మేనేజరు ఓహ్ సాంగ్-షిక్‌గా లీ సుంగ్-మిన్ నటన మరపురానిది. కాంట్రాక్టు ఉద్యోగుల గురించి ఆ ఏడాది చివర కొరియా ప్రభుత్వం తెచ్చిన ప్రతిపాదనకు పత్రికల్లో ‘జాంగ్ గురే చట్టం’ అన్న పేరు స్థిరపడిందంటే ఈ కథ అక్కడ ఎంత లోతుగా తాకిందో ఊహించండి.

కుటుంబ కథలు కావాలంటే ‘రిప్లై 1988’ (2015-16). రాజధాని సోల్ (సియోల్) నగరం ఉత్తరాన సంగ్‌మున్-దోంగ్‌లో ఒక సందు, అందులో ఐదు కుటుంబాలు, ఒలింపిక్స్ జరుగుతున్న ఏడాది. కథానాయిక దొక్-సన్ తండ్రి బ్యాంకు ఉద్యోగి. స్నేహితుడి అప్పుకు హామీ సంతకం పెట్టి మునిగిపోయి, కుటుంబంతో సెల్లారు ఇంట్లో ఉంటాడు. మొదటి ఎపిసోడ్‌లోనే ఒక దృశ్యం ఉంది: సాయంత్రం వంట కాగానే ప్రతి తల్లీ ఒక గిన్నె నింపి పిల్లల చేత పక్కింటికి పంపిస్తుంది, ఆ ఇంటి నుంచి మరో గిన్నె వస్తుంది. సందంతా పిల్లలు గిన్నెలతో ఎదురుపడుతూ ఉంటారు. రెండో ఎపిసోడ్‌లో దొక్-సన్ నాయనమ్మ చనిపోతుంది. తండ్రి, మేనత్తలు వచ్చినవారితో నవ్వుతూ, తాగుతూ, కబుర్లు చెబుతూ ఉంటారు. వీళ్లకు దుఃఖమే లేదా అని పిల్లకు కోపం వస్తుంది. రాత్రి విదేశం నుంచి పెద్దన్న గుమ్మంలో అడుగు పెట్టగానే ఆ పెద్దలందరూ ఒకరినొకరు పట్టుకుని చిన్నపిల్లల్లా ఏడుస్తారు. ఈ దృశ్యం చూసి మీకు ఏమీ అనిపించకపోతే ఈ డ్రామా ఆపేయండి. అనిపిస్తే 20 ఎపిసోడ్లూ మీవే. ఎపిసోడ్లు చాలా పొడవు, కొన్ని గంటన్నర దాటుతాయి. దొక్-సన్ ఎవరిని పెళ్లాడుతుందన్న ప్రశ్నను కథ చివరిదాకా లాగుతుంది. దాన్ని పట్టించుకోకుండా తల్లిదండ్రుల కథ మీద మనసు పెట్టండి.

4. వేగం గురించి

ఒక్క వారాంతంలో పదహారు ఎపిసోడ్లూ మింగేయడం ఈ డ్రామాలకు చేసే పెద్ద అన్యాయం. వారానికి రెండు చొప్పున చూస్తారని ఊహించి రాసిన కథలు ఇవి. సరి సంఖ్య ఎపిసోడ్ చివర పెద్ద మలుపు ఉంటుంది, దాని తర్వాత ఐదు రోజుల విరామం ఉంటుందని రచయితకు తెలుసు. మీరు అంత ఆగనక్కర్లేదు. రాత్రికి ఒకటి, మహా అయితే రెండు. వేగం పెంచి చూడటం అసలే వద్దు, ఎందుకంటే మౌనాల్లోనే ఎక్కువ కథ జరుగుతుంది.

నాలుగో ఎపిసోడ్ దాకా తీర్పు చెప్పకండి. మొదటి రెండు ఎపిసోడ్లలో పాత్రల పరిచయం, కొంత గందరగోళం, ఒక్కోసారి మోటు హాస్యం ఉంటాయి. మూడు, నాలుగు వచ్చేసరికి కథ తన అసలు గొంతు దొరకబుచ్చుకుంటుంది. నాలుగు పూర్తయినా మీకు పట్టకపోతే నిస్సంకోచంగా వదిలేయండి, అది మీ డ్రామా కాదు.

చూస్తున్నంత కాలం పాత్రల పేర్లు ఇంటర్నెట్‌లో వెతకకండి. వెతుకుపెట్టెలో రెండక్షరాలు కొట్టగానే ‘ఎవరు చంపారు’, ‘ఎలా చనిపోయారు’ అని అదే పూరిస్తుంది.

కొన్ని వింతలకు ముందే సిద్ధపడండి. కత్తిని, సిగరెట్టును తెర మీద మసకబారుస్తారు. టీవీ ప్రసార నియమాల ప్రభావం అది. గంభీరమైన సన్నివేశం మధ్యలో పాత్రలు ఒక బ్రాండు శాండ్‌విచ్‌నో, కాఫీనో పేరు కనిపించేలా తింటారు, తాగుతారు. నిర్మాణ ఖర్చు కోసం పెట్టే ప్రకటనలు అవి. అలవాటైపోతుంది.

5. ఇప్పుడు ‘మై మిస్టర్’

ఒక డ్రామా పూర్తి చేశాక దీనికి రండి. 2018, టీవీఎన్, 16 ఎపిసోడ్లు, రచన పార్క్ హే-యంగ్.

నలభై దాటిన పార్క్ దోంగ్-హూన్ స్ట్రక్చరల్ ఇంజినీరు, ముగ్గురు అన్నదమ్ముల్లో నడిమివాడు. కాలేజీలో తనకు జూనియరైనవాడు ఇప్పుడు కంపెనీకి అధిపతి, పైగా తన భార్యతో రహస్య సంబంధం పెట్టుకున్నవాడు. అన్న ఉద్యోగం పోయి, కుటుంబానికి దూరమై తల్లి ఇంటికి చేరాడు. తమ్ముడు ఒకప్పుడు ప్రతిభావంతుడని పేరు తెచ్చుకుని ఆగిపోయిన సినిమా దర్శకుడు. ఆ అన్నా తమ్ముడూ కలిసి భవనాల మెట్లు కడిగే పని మొదలుపెడతారు. అదే ఆఫీసులో లీ జి-ఆన్ అనే ఇరవై ఒక్క ఏళ్ల తాత్కాలిక ఉద్యోగిని ఉంటుంది. మాట రాని, చెవులు వినపడని నాయనమ్మను చూసుకుంటూ, వడ్డీ వ్యాపారి వేధింపులు భరిస్తూ, ఆఫీసులో దొంగిలించిన కాఫీ పొడి పొట్లాలతో రాత్రి ఆకలి చల్లార్చుకుంటుంది. డబ్బు కోసం దోంగ్-హూన్ ఫోనును రహస్యంగా వినడానికి ఒప్పుకుంటుంది.

ఆ వినడమే ఈ కథకు ఆయువుపట్టు. ఒక మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు, ఎవరూ వినడం లేదనుకున్నప్పుడు ఎలా మాట్లాడతాడో, ఎలా నిట్టూరుస్తాడో, రాత్రి ఎలా నడుస్తాడో ఆమె వింటూ ఉంటుంది. అతను మంచివాడని ఆమెకు ఎవరూ చెప్పరు, చెవికి తెలిసిపోతుంది. ఒక భవనం నిలబడాలంటే బయటి నుంచి పడే బరువు కంటే లోపలి బలం ఎక్కువ ఉండాలని దోంగ్-హూన్ తన వృత్తి గురించి చెబుతాడు, మనిషి సంగతీ అంతేనంటాడు. పదహారు ఎపిసోడ్లూ ఆ లెక్క కిందే సాగుతాయి.

ప్రసారం మొదలైనప్పుడు కొరియాలో దీని మీద గట్టి విమర్శలు వచ్చాయి. నడివయసు మగవాడు, చిన్న వయసు అమ్మాయి అనగానే అనుమానించారు. జి-ఆన్ మీద చూపిన హింస ఎక్కువైందన్నారు. రెండో విమర్శలో న్యాయం ఉంది, మొదటి ఎపిసోడ్‌లోని ఆ దృశ్యం నాకూ భరించడం కష్టమైంది. మొదటి అనుమానానికి మాత్రం డ్రామాయే జవాబు చెబుతుంది. ఇది ప్రేమకథ కాదు. ఒకరి జీవితాన్ని ఒకరు చూసి, ‘నీది కష్టమైన బతుకే’ అని గుర్తించడం ఎంత పెద్ద సాయమో చెప్పే కథ. జి-ఆన్‌గా నటించిన గాయని ఐయూ, సూపర్ మార్కెట్ బండిలో నాయనమ్మను కూర్చోబెట్టి వెన్నెల చూపించడానికి తోసుకుపోయే దృశ్యం దగ్గర నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

దోంగ్-హూన్‌గా నటించిన లీ సన్-గ్యున్‌ను మీరు ‘పారసైట్’ (2019) సినిమాలో ధనిక కుటుంబ యజమానిగా చూసి ఉంటారు. ఆయన 2023 డిసెంబరులో చనిపోయారు. ఆ సంగతి తెలిసి చూస్తే కొన్ని మాటలు మరింత బరువెక్కుతాయి.

దీని తర్వాత వెంటనే మరో బరువైన డ్రామా మొదలుపెట్టవద్దు. ఒక వారం ఆగండి.

6. వయసు మళ్లినవారి కథలు

ఇక్కడ కొరియా టీవీకి పోటీ లేదు. మన తెరల మీద అరవై దాటినవారు ఆశీర్వదించడానికో, ఆసుపత్రిలో పడుకోవడానికో పనికొస్తారు. ‘డియర్ మై ఫ్రెండ్స్’ (2016)లో కథానాయికలు దాదాపు అందరూ అరవై, డెబ్బై దాటినవారే. కిమ్ హే-జా, నా మూన్-హీ, గో దూ-షిమ్, యున్ యో-జంగ్ లాంటి, కొరియా టీవీ చరిత్రను తమ భుజాల మీద మోసిన నటీమణులు అందరూ ఒకే తెర మీద ఉన్నారు. వీరిలో యున్ యో-జంగ్ 2021లో ‘మినారి’ సినిమాకు ఆస్కార్ అందుకున్నారు. రచయిత నో హీ-క్యంగ్ ముసలితనాన్ని పూజించరు, జాలి కూడా పడరు. యాభై ఏళ్ల కాపురం తర్వాత, ప్రతిదానికీ అరిచే పిసినారి భర్తను వదిలి బయటికి నడిచే జంగ్-ఆ కథ ఒక్కటి చాలు ఈ డ్రామా చూడటానికి. ఆ భర్త కూడా దుర్మార్గుడిగా మిగిలిపోడు, అదే రచయిత గొప్పతనం. తల్లులూ కూతుళ్లూ కలిసి చూడండి, కానీ మధ్య మధ్యలో ఆపి మాట్లాడుకోవలసి వస్తుంది.

కిమ్ హే-జా నటించిన ‘ద లైట్ ఇన్ యువర్ ఐస్’ (2019) పన్నెండు ఎపిసోడ్లే. పాతికేళ్ల అమ్మాయి కాలాన్ని వెనక్కి తిప్పే గడియారం వాడి, ఒక ఉదయం డెబ్బై దాటిన ముసలిదిగా నిద్రలేస్తుంది. నేను ఇంతకు మించి ఒక్క ముక్క చెప్పను, మీరు కూడా ఎక్కడా చదవకండి. మధ్యలో తేలిగ్గా, తికమకగా అనిపించినా చివరిదాకా వెళ్లండి. పాత్ర పేరు కూడా కిమ్ హే-జాయే. ఈ డ్రామా తర్వాత ఆమెకు కొరియా సినిమా, టీవీ రంగాలకు ఇచ్చే బెక్‌సాంగ్ పురస్కారాల్లో అత్యున్నత బహుమతి దక్కింది.

తేలికైనది కావాలంటే ‘నవిలెరా’ (2021): డెబ్బై ఏళ్ల విశ్రాంత పోస్ట్‌మ్యాన్ బాలే నాట్యం నేర్చుకుంటాడు.

7. నేరకథలు, కానీ మృతుల వైపు నిలబడినవి

‘సిగ్నల్’ (2016) రచయిత కిమ్ ఉన్-హీ. పాత వాకీటాకీ ఒకటి రాత్రి 11 గంటల 23 నిమిషాలకు మోగుతుంది. అవతలి నుంచి మాట్లాడేది గతంలో ఉన్న ఒక డిటెక్టివ్. ఊహ అంతవరకే. కథలోని నేరాలకు నిజ జీవితపు నేరాలే ఆధారం. వాటిలో ముఖ్యమైనది 1986 నుంచి 1991 వరకు హ్వాసోంగ్ ప్రాంతంలో పదిమంది స్త్రీల హత్యల కేసు. డ్రామా వచ్చినప్పుడు ఆ హంతకుడు ఎవరో లోకానికి తెలియదు. 2019లో డీఎన్‌ఏ పరీక్షతో తెలిసింది. హత్య కేసులకు ఉన్న కాలపరిమితిని కొరియా 2015లో తొలగించింది. అంతకుముందు గడువు దాటితే హంతకుడు కళ్లెదుటే ఉన్నా శిక్షించలేకపోయేవారు. మొదటి రెండు ఎపిసోడ్లలో గడియారం వైపు అందరూ ఎందుకలా చూస్తారో ఇది తెలిస్తేనే అర్థమవుతుంది.

దీని పక్కనే ‘బియాండ్ ఈవిల్’ (2021) పెట్టుకోండి. ఇరవై ఏళ్ల కిందట చెల్లెలు మాయమైన చిన్న ఊళ్లోనే పోలీసుగా మిగిలిపోయిన అన్న, అతన్ని అనుమానిస్తూ వచ్చిన పై అధికారి కొడుకు. హంతకుడెవరన్న ప్రశ్న సగంలోనే తీరిపోతుంది. ఎవరెవరు ఏమి దాచారన్నది మిగిలిన సగం. షిన్ హా-క్యున్ నవ్వు చూస్తే వెన్ను చల్లబడుతుంది.

స్త్రీల మీద, పిల్లల మీద హింస ఈ రెండిటిలోనూ ఉంది. ఇంట్లో పిల్లలు నిద్రపోయాకే చూడండి.

8. చరిత్ర: ఐదు తేదీలు చాలు

1910 నుంచి 1945 దాకా జపాన్ పాలన. 1950 నుంచి 1953 దాకా యుద్ధం. 1980 మే నెలలో గ్వాంగ్జు నగరంలో ప్రజల మీద సైన్యం కాల్పులు. 1987లో నియంతృత్వం మీద ప్రజల గెలుపు. 1997లో ఐఎంఎఫ్ అప్పుకు దారితీసిన ఆర్థిక సంక్షోభం. డ్రామాల్లో ఒక తండ్రి ఎందుకు మౌనంగా ఉంటాడో, ఒక కంపెనీ ఎందుకు హఠాత్తుగా మూతపడుతుందో ఈ తేదీలు గుర్తుంటే ఎవరూ చెప్పనక్కర్లేదు.

రాజ్యం పోగొట్టుకునే ముందు రోజుల కథ ‘మిస్టర్ సన్‌షైన్’ (2018), 24 ఎపిసోడ్లు. బానిసకు పుట్టిన పిల్లవాడు తల్లిదండ్రులు చనిపోయాక 1871లో అమెరికాకు పారిపోయి, వారి సైన్యంలో అధికారిగా తిరిగొస్తాడు. తనను మనిషిగా చూడని దేశం చచ్చిపోతుంటే అతను ఏమి చేయాలి? ప్రశ్న అదే. కిమ్ తే-రీ పోషించిన గో ఏ-షిన్ జమీందారీ ఇంటి అమ్మాయి, రహస్యంగా తుపాకి పట్టిన యోధురాలు. మొదటి ఎపిసోడ్లలో ఎవరు ఎవరి పక్షమో తేలడానికి సమయం పడుతుంది, ఓపిక పట్టండి. కెనడా పాత్రికేయుడు ఫ్రెడరిక్ మెకెంజీ 1907లో తీసిన, జపాన్ మీద తిరగబడిన స్వచ్ఛంద యోధుల ఫొటో ఒకటి ఉంది. రకరకాల బట్టల్లో, రకరకాల తుపాకులతో నిలబడిన మామూలు మనుషులు. డ్రామా ఆ ఫొటోను పునఃసృష్టించింది. ఆ ఫొటోను ముందే ఒకసారి చూసి ఉంచుకోండి.

గ్వాంగ్జు కోసం ‘యూత్ ఆఫ్ మే’ (2021), పన్నెండు ఎపిసోడ్లు. మొదట ప్రేమకథలా మొదలవుతుంది, తేదీ మాత్రం తెర మీద ముందుకు జరుగుతూనే ఉంటుంది.

9. ఇంట్లో ఇంటర్మీడియెట్ చదివే పిల్లలుంటే

‘స్కై కాసిల్’ (2018-19). వైద్య కళాశాలలో సీటు కోసం ధనిక కుటుంబాలు పిల్లలను ఏ స్థాయికి నెడతాయో చూపిన డ్రామా. మొదటి ఎపిసోడ్ రేటింగ్ 1.7 శాతం, చివరిది 23.8 శాతం. ర్యాంకుల పట్టికలు గోడకు అంటించే కార్పొరేట్ కాలేజీల మధ్య బతుకుతున్న తెలుగు తల్లిదండ్రులకు ఇందులో ఏ వివరమూ పరాయిగా అనిపించదు. ముగింపు కొంత బలహీనం, అయినా చూడవలసిందే.

10. ఇక నుంచి పేర్లు పట్టుకుని వెళ్లండి

ఇంతదాకా వచ్చాక మీకు మార్గదర్శి అవసరం తగ్గుతుంది. ‘సీక్రెట్ ఫారెస్ట్’ నచ్చితే దాని రెండో సీజన్ (2020) చూడండి, ఆ తర్వాత అదే లీ సూ-యన్ రాసిన ‘లైఫ్’ (2018): ఒక పెద్ద ఆసుపత్రిని కంపెనీ లెక్కల్లోకి మార్చాలని వచ్చిన అధికారి, వైద్యుల మధ్య పోరు. ‘డియర్ మై ఫ్రెండ్స్’ నచ్చితే నో హీ-క్యంగ్ రాసిన ‘లైవ్’ (2018)లో మామూలు పోలీసు స్టేషన్ ఉద్యోగుల అలసట, ‘అవర్ బ్లూస్’ (2022)లో జేజు ద్వీపపు సంత మనుషుల కథలు ఉన్నాయి. ‘సిగ్నల్’ నచ్చితే కిమ్ ఉన్-హీ రాసిన ‘కింగ్‌డమ్’ (2019), రాచరికపు రోజుల్లో ఆకలి, అధికారం, నడిచే శవాలు.

పార్క్ హే-యంగ్ కోసం ‘మై లిబరేషన్ నోట్స్’ (2022). సోల్ చుట్టూ ఉన్న గ్యోంగీ ప్రాంతపు పల్లెలో ఇద్దరు అక్కచెల్లెళ్లు, వారి మధ్య పుట్టిన ఒక సోదరుడు. పొద్దున్నే రైలెక్కి నగరానికి, రాత్రి తిరిగి పొలాల మధ్యకు. ఏమీ జరగనట్టే ఉంటుంది. చిన్న చెల్లెలు మి-జంగ్ ఒక రోజు పొరుగున ఉన్న తాగుబోతు దగ్గరికి వెళ్లి, తనను ఆరాధించమని అడుగుతుంది. ప్రేమించమని కాదు. ఆ కోరిక వింతగా తోచి, నాలుగైదు ఎపిసోడ్లు గడిచాక సహజంగా అనిపించడం మొదలవుతుంది. దీన్ని ‘మై మిస్టర్’ తర్వాత కనీసం రెండు మూడు డ్రామాలు చూశాకే మొదలుపెట్టండి. మౌనం అలవాటైనవారికే ఇది పలుకుతుంది.

దర్శకుల్లో ఒక్క పేరు తప్పక గుర్తుంచుకోండి: కిమ్ వన్-సక్. ‘మిసాంగ్’, ‘సిగ్నల్’, ‘మై మిస్టర్’ మూడూ ఆయన తీసినవే, రాసినవారు మాత్రం ముగ్గురూ వేరు. ఆఫీసు బల్ల మీద చేతులు, ఇంటికి నడిచే దారి, ఇరుకు గదిలో వెలుగు, వీటిని ఆయన చూసే తీరు మూడిటిలోనూ గుర్తుపట్టవచ్చు. 2025 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘వెన్ లైఫ్ గివ్స్ యు టాంజరీన్స్’ కూడా ఆయనదే, రచన ఇమ్ సాంగ్-చున్. జేజు ద్వీపంలో సముద్రంలోకి మునిగి నత్తలూ శంఖాలూ ఏరి బతికే తల్లికి పుట్టి, కవి కావాలనుకున్న ఏ-సన్ కథ. ఆమెను జీవితమంతా మాట తక్కువగా ప్రేమించిన గ్వాన్-షిక్ కథ. యవ్వనంలో వారిద్దరూ ఐయూ, పార్క్ బో-గమ్. నడివయసులో మూన్ సో-రీ, పార్క్ హే-జూన్. 16 ఎపిసోడ్లను వారానికి నాలుగు చొప్పున, నాలుగు వారాలు విడుదల చేశారు. మీరు కూడా ఆ నాలుగేసి విభజనను పాటించండి. ఒక్కో నాలుగు ఎపిసోడ్లు ఆ దంపతుల జీవితంలో ఒక్కో ఋతువు.